తిథి పేరు చెప్పి కూర్చో

మా తాతయ్య పూజ దగ్గర ఒకే ఒక్క విషయానికి కోప్పడేవారు. దీపం ఆలస్యమైనా, పువ్వులు తక్కువైనా, మంత్రం మధ్యలో నాలుక తడబడినా ఏమీ అనేవారు కాదు. సంకల్పంలో ‘శుభతిథౌ’ అని దాటేస్తే మాత్రం ఆచమనం దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టించేవారు. “తిథి పేరు చెప్పి కూర్చో నాన్నా. ఇవాళ ఏ రోజో తెలియకుండా దేవుడి ముందుకొచ్చి ఏం అడుగుతావు?” అనేవారు.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఇప్పుడు రోజూ పొద్దున్న పీట మీద కూర్చోగానే ఆ మాటే వినిపిస్తుంది.

మా ఇల్లు వశిష్ఠ గోదావరి కుడిగట్టున, నరసాపురం వైపు ఉండేది. వంటింటికీ పూజగదికీ మధ్య గోడకు ఒక మేకు. దానికి పురికొసతో వేలాడే పంచాంగం, దాని పక్కనే దారానికి కట్టిన పెన్సిలు ముక్క. ఉగాది నాడు అట్టకు నాలుగు మూలలా పసుపు రాసి ఆ మేకుకు తగిలిస్తే మళ్ళీ ఉగాది దాకా అది అక్కడే. పాతది పారేసేవారు కాదు, అటక మీద ట్రంకుపెట్టెలోకి వెళ్ళేది. నలభై ఏళ్ళ పంచాంగాలు ఆ పెట్టెలో ఉండేవి. వాటి సంగతి తరవాత చెబుతాను. ముందు సంకల్పం సంగతి.

సంకల్పం ఎక్కడ మొదలవుతుందో చూడండి. అద్య బ్రహ్మణః ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమ పాదే. బ్రహ్మగారి ఆయుర్దాయంలో సగం గడిచి రెండో సగం నడుస్తోంది అన్న దగ్గర మొదలు. 4,32,000 ఏళ్ళ కలియుగంలో ఇంకా మొదటి పాదమే, గడిచింది ఐదువేల నూట చిల్లర ఏళ్ళు. అక్కణ్ణుంచి జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం, మేరువుకు దక్షిణం. ఆ తరవాత శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ రెండు నదుల మధ్య ఉన్నామో. మా ఇంట్లో ‘శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోః మధ్యదేశే’ అనేవారు. ఏరు దాటితే మా మేనత్తగారి ఊరు, కోనసీమ. అక్కడి పురోహితుడు గారు ‘గౌతమీ వశిష్ఠయోః మధ్యదేశే’ అని చెప్పేవారు. పడవలో అవతలి ఒడ్డుకు వెళితే దేవుడికి చెప్పే చిరునామా మారిపోతుందని చిన్నప్పుడు నాకు భలే ఆశ్చర్యంగా ఉండేది. ఆఖరికి సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. అన్నిటికన్నా చివర గోత్రం, పేరు.

కల్పం దగ్గర మొదలుపెట్టి కాలాన్ని దించుకుంటూ దించుకుంటూ ఈ పీట మీద కూర్చున్న నా పేరు దాకా తెస్తుంది. ఇంత పెద్ద కాలంలో నా పేరుకు కూడా ఒక చోటుందని రోజూ చెప్పుకోవడం ఎంత ధైర్యమో! అంత దూరం నుంచి వచ్చి, తీరా ఈ రోజు దగ్గరికొచ్చేసరికి ‘ఏదో ఒక శుభతిథి’ అనేస్తే ఎలా? తాతయ్య కోపం అదీ.

పంచాంగ శ్రవణం నాడు చదివే శ్లోకం చాలామందికి నోటికి వస్తుంది.

తిథేశ్చ శ్రియమాప్నోతి వారాదాయుష్యవర్ధనమ్ |
నక్షత్రాద్ధరతే పాపం యోగాద్రోగనివారణమ్ |
కరణాత్ కార్యసిద్ధిః స్యాత్ పంచాంగఫలముత్తమమ్ ||

తిథి తెలుసుకుంటే సంపద, వారం తెలుసుకుంటే ఆయుష్షు, నక్షత్రం వల్ల పాపనాశనం, యోగం వల్ల రోగనివారణ, కరణం వల్ల కార్యసిద్ధి. ఉత్త పేర్లు తెలుసుకుంటే ఇవన్నీ ఎలా వస్తాయని కాలేజీ రోజుల్లో నేను వాదించేవాణ్ణి. తాతయ్య వాదించేవారు కాదు. “నీకెందుకురా, ఏటి మీద పడవ నడిపేవాణ్ణి అడుగు తిథి అంటే ఏమిటో” అనేవారు.

అడిగాను కూడా. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. చంద్రుడి నడక ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒక తిథి పందొమ్మిది గంటలే ఉండొచ్చు, ఇరవై ఆరు గంటలూ ఉండొచ్చు. ఇది పుస్తకంలో ఉన్న మాట. పడవ మీద ఉన్న మాట వేరు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బలంగా ఉంటుంది, సముద్రం నీరు ఏటిలోకి పైపైకి ఎక్కుతుంది. అష్టమి, నవమి నాటికి పోటు నీరసపడుతుంది. ఏ తిథికి పోటు ఏ వేళకు వస్తుందో, పాటు ఏ వేళకు మొదలవుతుందో ఆ పడవాయనకు గడియారం అక్కర్లేకుండా తెలుసు. వల ఎప్పుడు వెయ్యాలో, పడవ ఎప్పుడు తీయాలో తిథే చెబుతుంది. ‘తిథేశ్చ శ్రియమ్’ అన్న ముక్క ఆ రోజు నాకు అర్థమైంది. ఆయన అన్నం ఆ తిథిలోనే ఉంది.

ఇక మిగిలిన నాలుగు అంగాల గురించి పండితులు చాలా చెబుతారు, నేను చెప్పగలిగింది లేదు. నక్షత్రం గురించి ఒక్కమాట. చంద్రుడు రోజుకో నక్షత్రం మారితే, సూర్యుడు ఒక్కో నక్షత్రంలో పదమూడు పద్నాలుగు రోజులుంటాడు. అదే కార్తె. మే ఆఖర్లో రోహిణి, జూన్ మొదటివారం తరవాత మృగశిర, 21, 22 తేదీలకు ఆరుద్ర. రోహిణిలో రోళ్ళు పగులుతాయన్నా, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదన్నా, ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్నా, అన్నీ పొలంలో నిలబడి ఆకాశం చూసినవాళ్ళ మాటలే.

ఉగాది సాయంత్రం రామాలయం అరుగు మీద పంచాంగం చదువుతుంటే మా ఊరి రైతులకు ఎవరి నక్షత్రానికి వాళ్ళు చూసుకునే కందాయ ఫలాల మీద పెద్ద ధ్యాస ఉండేది కాదు. “వాన ఎన్ని కుంచాలండీ?” అని ముందే అడిగేవారు. ఆ తరవాత, సముద్రంలో ఎన్ని పాళ్ళు, కొండల మీద ఎన్ని పాళ్ళు, నేల మీద ఎన్ని పాళ్ళు కురుస్తుందో చెప్పే వాక్యం వస్తుంది. కొండల పాలు దగ్గర అరుగంతా నిశ్శబ్దం. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలుపుకుని వచ్చే నది మాది. ఎక్కడో కొండల మీద కురిసింది మాకు గోదారై వస్తుంది. మా చేలో చినుకు లేకపోయినా మా గట్టు మునగొచ్చు.

ఇప్పుడు ట్రంకుపెట్టె. తాతయ్య పోయాక వాటిని నేను తెచ్చుకున్నాను. పంచాంగంలో పక్షానికో పేజీ ఉంటుంది కదా, తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం అని వరసలు. ఆ వరసల పక్కన మిగిలిన సన్నటి అంచులో రోజుకో ముక్క పెన్సిలుతో రాసుకున్నారాయన. ‘లాకులు వదిలారు. కాలవ సాయంత్రానికి వచ్చింది.’ ‘ఎర్రనీరు.’ ‘నల్లావు ఈనింది, పెయ్య.’ ‘ఆరుద్ర వచ్చింది, చినుకు లేదు.’ ‘గాలి తూర్పుకు తిరిగింది.’ ఒక మార్గశిరంలో, ఏ పండగా లేని రోజు పక్కన, ‘ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు’ అని ఉంది. ఎందుకో రాయలేదు. మర్నాడు యథాప్రకారం ‘కుప్ప నూర్పు’ అని ఉంది.

1986 పంచాంగం ఉబ్బిపోయి ఉంటుంది. తడిసి ఆరిన కాగితం, పేజీలు ఒకదానికొకటి అంటుకుని, వేలితో నెమ్మదిగా విడదీయాలి. శ్రావణ శుద్ధం పేజీలో మట్టి మరక ఇంకా ఉంది. ఆ ఏడు వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 15న పడింది. పొద్దున్నే మామ్మా, అమ్మా కలశం పెట్టారు, తొమ్మిది ముడుల తోరాలు కట్టుకున్నారు. బయట ఏటిగట్టు మీద మగవాళ్ళంతా ఇసుక బస్తాలు మోస్తున్నారు. తాతయ్య గట్టు మీంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, సంకల్పం చెప్పించి, తిథి పేరు కూడా వదలకుండా చెప్పించి, ప్రసాదం కళ్ళకద్దుకుని మళ్ళీ గట్టు మీదికి వెళ్ళిపోయారు. మర్నాడు 16న ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు.

ఆ శుక్రవారం అంచులో తాతయ్య రాసింది ఇది: ‘వ్రతం. తోరాలు. పౌర్ణమి ఇంక నాలుగు రోజులు. సముద్రం తీసుకోదు.’

వరద ఎంత వస్తోందో రేడియో చెప్పగలదు. పౌర్ణమి దగ్గరపడుతోంది కాబట్టి పోటు బలంగా ఉంటుందనీ, వచ్చిన నీరు సముద్రంలోకి త్వరగా లాగదనీ, ఈ గండం ఒక్క రాత్రితో పోయేది కాదనీ ఆయనకు తిథే చెప్పింది. అందుకే పిల్లల్ని, మామ్మని ఆ మధ్యాహ్నమే మెరకనున్న చుట్టాలింటికి పంపేశారు. చేతికి తోరం ఉన్న మామ్మ కలశం కదపకూడదని కాసేపు బెంగపడింది. తరవాత అమ్మవారికి దణ్ణం పెట్టి కలశాన్ని కూడా ఒళ్ళో పెట్టుకుని బండెక్కింది. బండి కుదుపుకు కలశంలో నీళ్ళు ఒలికి నా మోకాలి మీద పడటం నాకు బాగా గుర్తు. చల్లగా ఉన్నాయి. మామ్మ ఆ చెయ్యి తీసి నా నెత్తిన రాసింది. శ్రావణ బహుళం పేజీలో మూడు నాలుగు రోజులు ఖాళీ. ఆ తరవాత ‘నీరు లాగింది. ఇంట్లో జానెడు ఒండ్రు.’

ఆ సంవత్సరం పేరు చూశారా? క్షయ. ఆ మాట నోటితో అనడానికి మనసొప్పక మనవాళ్ళు అక్షయ అన్నారు. ఒకే ఏడాదికి రెండు ఎదురెదురు పేర్లు. నీరు లాగాక ఆ ఒండ్రు మీదే లంకల్లో మళ్ళీ కూరపాదులు లేచాయి. 1996 నవంబరు 6న, దీపావళి ఇంక నాలుగు రోజులుందనగా, తుపాను వచ్చి కోనసీమలో కొబ్బరితోటలను నేలమట్టం చేసింది, వేయిమందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది పేరు ధాత. 2026 మార్చి 19 ఉగాదితో మొదలయ్యే ఏడు పరాభవ. ఈ పేరు విని బెంగపడేవాళ్ళు ఉంటారు. మన పెద్దలు ఏ పేరునూ సంకల్పంలోంచి తీసెయ్యలేదు. బాగున్న పేరుతోనూ, బాగోలేని పేరుతోనూ అరవై ఏళ్ళూ అదే గొంతుతో ‘నామ సంవత్సరే’ అన్నారు. వచ్చినదాన్ని వచ్చినట్టు దేవుడి ముందు పేరు పెట్టి చెప్పడం కూడా భక్తే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పేర్లతోనే చరిత్ర కూడా మిగిలింది. 1832-33లో తెలుగు జిల్లాల్ని తుడిచిపెట్టిన కరువును ఇప్పటికీ నందన కరువు అంటారు. ఇంత నది పక్కన ఉండి కూడా జనం తిండి లేక పోయిన రోజులవి. ఆ తరవాత ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. కాలవలు ఊరూరా పారాయి. పుష్కరానికో, పర్వదినానికో బండి కట్టుకుని ఏటికి వెళ్ళి స్నానం చేసేవాళ్ళకు గోదారే గుమ్మం ముందుకొచ్చింది. అప్పుడు ఈ సీమ పండితులు సంకల్పంలో ఒక శ్లోకం చేర్చుకున్నారు.

నిత్య గోదావరీ స్నాన పుణ్యదో యో మహామతిః |
స్మరామ్యాంగ్లేయదేశీయం కాటనుం తం భగీరథమ్ ||

రోజూ గోదావరీ స్నానం చేసే పుణ్యాన్ని మాకిచ్చిన మహామతి, ఆంగ్లదేశీయుడు, కాటన్ అనే ఆ భగీరథుణ్ణి స్మరిస్తున్నాను. మడి కట్టుకుని, గంగాయమునలను తలచుకునే నోటితో, మన మతం కాని, మన దేశం కాని ఒక ఇంజనీరు పేరు ద్వితీయా విభక్తిలో పెట్టి చెప్పుకున్నారు. ఈ శ్లోకం చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఆ పండితులు ఎవరో పేర్లు నాకు తెలియవు గానీ వాళ్ళ మనసు మాత్రం తెలుసు. నీళ్ళు ఎవరి వల్ల వచ్చాయో చెప్పకుండా ఆ నీళ్ళతో ఆచమనం చేయడం వాళ్ళకు సహించలేదు.

మా తమ్ముడు అమెరికాలో ఉంటాడు. అక్కడి పురోహితులు ‘క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే’ అని చెప్పిస్తారు. మొదట్లో వాడు ఫోన్ చేసి, “అన్నయ్యా, ఇవాళ మీకు ఏ తిథి?” అని అడిగి అదే చెప్పేసేవాడు. అలా కాదురా, నీకు సూర్యోదయమయ్యేసరికి అక్కడ ఏ తిథి ఉందో అది చెప్పాలి అన్నాను. ఇప్పుడు వాడి ఊరి పంచాంగం వాడే చూసుకుంటున్నాడు. దేశం గడియారాలన్నిటికీ ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం మన కాకినాడకు దగ్గర నుంచే పోతుంది కాబట్టి, డెల్టాలో ఉన్నవాళ్ళకు గడియారానికీ స్థానిక కాలానికీ తేడా సగటున రెండు మూడు నిమిషాలే. వాడికి ఆ సుఖం లేదు పాపం. అయినా ఒక్కరోజు మానడు.

ఇప్పుడు మా ఇంట్లో పంచాంగం వంటింటి తలుపు పక్కన మేకుకు ఉంటుంది. ఫోన్‌లో యాప్ ఉంది, అదీ చూస్తాను, తప్పేం లేదు. అంచులో రాయడానికి మాత్రం పుస్తకమే కావాలి. రెండేళ్ళ క్రితం మొదలుపెట్టాను. మొదట్లో ఏం రాయాలో తోచేది కాదు. ఇప్పుడు సంకల్పం చెప్పి లేచాక, నిన్నటి వరస పక్కన నాలుగు మాటలు పడతాయి. మొన్న మా అమ్మాయి వచ్చి నా భుజం మీంచి చదివింది. ‘కాలవ కట్టేశారు. మామిడిపూత రాలింది. అమ్మాయికి పరీక్షల టెన్షన్.’

“నా గురించి పంచాంగంలో ఎందుకు రాశావు నాన్నా?” అంది.

పెన్సిలు దాని చేతికిచ్చాను. కాసేపు ఆలోచించి, ఆ రోజు వరసలో దశమి అన్న మాట పక్కన చిన్న అక్షరాలతో రాసింది: ‘లెక్కల పరీక్ష బాగానే రాశాను.’