పుస్తకం పేజీలు ఏ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాలి?

ధర, ఫీచర్లు చూసే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఖాళీ పేజీలో ‘స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి’ అని యూనికోడ్‌లో (ఫోన్లలో, వెబ్‌లో వాడే తెలుగు) టైపు చేసి పీడీఎఫ్ తీయండి. ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కకు విడిపోతే ఆ సాఫ్ట్‌వేర్ తెలుగుకు పనికిరాదు, ఎంత పేరున్నదైనా సరే. అడోబీ వాళ్ల పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ఇలా జరిగితే మాత్రం తొందరపడకండి. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకుంటే సర్దుకుంటుంది. దాన్ని పేరా స్టైల్‌లోనే పెట్టేస్తే పేజీ పేజీకీ తంటా ఉండదు.

ఉచితంగా కావాలంటే స్క్రైబస్ 1.6 తీసుకోండి. పాత 1.4తో తెలుగు కుదరదు. బొమ్మల్లేని నవలకైతే లిబ్రేఆఫీస్ రైటర్ చాలు. అయితే అది సీఎంవైకే (అచ్చులో వాడే నాలుగు ఇంకుల పద్ధతి) పీడీఎఫ్ ఇవ్వదు. ఆర్‌జీబీ (తెర మీది రంగుల పద్ధతి) నలుపును ప్రెస్సులో నాలుగు రంగులుగా విడగొడితే, రంగుకొకటిగా ఉండే అచ్చు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరాల అంచులు మసకబారతాయి. లోపలి పేజీలను గ్రేస్కేల్‌గా, ఒక్క నల్ల ఇంకుతోనే వేయమని ప్రెస్సుకు ముందే చెప్పండి.

వరుసల ఎడం దగ్గర పిసినారితనం వద్దు. 12 పాయింట్ల అక్షరానికి, ఒక వరుస అడుగు నుంచి తర్వాతి వరుస అడుగుకు 18 పాయింట్లతో మొదలుపెట్టండి. ఇంగ్లీషు కొలతన 14 ఇస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

ముఖచిత్రానికి చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) ఉంచండి. వెన్ను వెడల్పు మాత్రం పేజీల లెక్క తేలాకే: 200 పేజీలంటే 100 కాగితాలు, ఒక్కోటి 0.1 మిల్లీమీటరైతే 10 మిల్లీమీటర్లు.