ఊదారంగు బేగెల్స్

శనివారం, రాత్రి పదిన్నర

ఇల్లంతా ఇంకా బ్రెడ్ వాసనే. పదహారు బేగెల్స్ (గారెలా మధ్యలో చిల్లుండే గుండ్రటి బ్రెడ్) చేస్తే బుట్టలో మూడు మిగిలాయి: రెండు బ్లూబెర్రీవి, ఒకటి మామిడి తాండ్రది. పక్కింటి పెద్దావిడకి నాలుగు ఇచ్చాం. మిగిలినవన్నీ మేం నలుగురమే తినేశాం. వచ్చే గురువారం అమ్మ ఇండియా వెళ్లిపోతోంది. అందుకే ఇవాళ జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలనిపించింది.

పోయిన ఆదివారం ఎడిసన్ నుంచి హామంటన్ వైపు వెళ్లి ఒక తోటలో బ్లూబెర్రీలు కోసుకొచ్చాం. తోటల్లో పండించే బ్లూబెర్రీ పుట్టిందే ఈ న్యూజెర్సీలో. వైట్స్‌బాగ్‌లో ఎలిజబెత్ వైట్ అనే ఆవిడ, ఫ్రెడరిక్ కోవిల్ అనే వృక్షశాస్త్రవేత్త కలిసి అడవి పొదల్లో మంచివి ఏరి, పెంచి, 1916లో మొదటి పంట అమ్మారు. దారిలో ఈ సంగతి చెబితే అమ్మ "ఆవిడ చేతి చలవే ఇదంతా" అని, ఆ తర్వాత ఒక్క కాయ కూడా కింద పడనివ్వకుండా కోసింది.

ఇన్ని కాయలు ఏం చేయాలి? బాబుకి బేగెల్ అంటే ప్రాణం. నా దగ్గర మూడేళ్లుగా సోర్‌డో స్టార్టర్, అంటే బ్రెడ్ పొంగడానికి కలిపే పులిసిన పిండి, ఉంది. దానికి రోజూ గోధుమపిండి, నీళ్లు కలుపుతుంటే అమ్మ వచ్చిన కొత్తలో మూత తీసి వాసన చూసి, "మన ఇడ్లీపిండి రెండో రోజు వాసనే కదే" అంది. అప్పటినుంచి దాన్ని తోడు అనే పిలుస్తోంది. రాత్రి పడుకునే ముందు "తోడుకి పిండి వేశావా?" అని అడుగుతుంది. ఇప్పుడు నేనూ అలాగే అంటున్నాను.

నిన్న పొద్దున్నే కలిపాను. అరకిలో బ్రెడ్ పిండికి వంద గ్రాముల తోడు, పది గ్రాముల ఉప్పు, కాస్త చక్కెర. మామూలు బేగెల్‌కి 260 గ్రాముల నీళ్లు పోస్తాను. బ్లూబెర్రీ ముద్దలో నీరు ఉంటుంది కాబట్టి 200కి తగ్గించాను. కాయల్ని ముందే చిన్న మంట మీద దగ్గరగా ఉడికించాను. పచ్చికాయలు నేరుగా కలిపితే చితికి, పిండి జారైపోతుంది. బేగెల్ పిండి పూరీ పిండిలా గట్టిగా ఉండాలి. రెండో గిన్నెలోకి అమ్మ తెచ్చిన ఆత్రేయపురం తాండ్ర. కత్తెరకి నూనె రాసి శనగగింజలంత ముక్కలు కోశాను.

రాత్రి చుట్టడం మొదలుపెట్టాం. నేను ఎప్పుడూ ఉండ చేసి మధ్యలో వేలు పెట్టి చిల్లు చేస్తాను. అమ్మ కాసేపు చూసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. ఉండని అరచేతుల కింద తాడులా సాగదీసింది. వేళ్ల చుట్టూ తిప్పి, రెండు కొసలు ఒకదాని మీద ఒకటి వేసి, ఆ అతుకుని బల్ల మీద అరచేత్తో రెండుసార్లు అటూ ఇటూ దొర్లించింది. అతుకు ఎక్కడుందో వెతికినా కనబడలేదు. "చేగోడీ ఇంతకంటే సన్నం, అంతే తేడా" అంది. నాకు ఒళ్లు పులకరించింది. న్యూయార్క్ పాత బేకరీల్లో చేత్తో చుట్టేవాళ్ల పద్ధతి సరిగ్గా ఇదే. తాడు చేసి, చేతి చుట్టూ తిప్పి, అతుకుని దొర్లించడం. అమ్మకి ఎవరూ నేర్పలేదు. అతుకు సరిగ్గా పడకపోతే నూనెలో చేగోడీ విచ్చుకున్నట్టే, మరిగే నీళ్లలో బేగెల్ కూడా విచ్చుకుంటుంది.

"ఇదెవరి వంట?" అని అడిగింది. పోలండ్ యూదులదని చెప్పాను. 1610 నాటి క్రాకోవ్ యూదుల కట్టుబాట్లలోనే, బిడ్డ పుట్టినప్పటి వేడుకల దగ్గర, బేగెల్ మాట ఉందని, వాళ్లు వలస వస్తూ న్యూయార్క్‌కి తెచ్చారని చెప్పాను. అమ్మ చేయి ఆపలేదు గానీ, "ఎక్కడికెళ్లినా వంట వెంట తెచ్చుకుంటారు పాపం" అంది. పండు కలిపితే అది బేగెలే కాదనేవాళ్లు ఇక్కడ ఉన్నారు. నాకు అలా అనిపించదు. పులిసిన పిండిలో పండు తీపి తగిలితే వచ్చే రుచి ఇంకెందులోనూ రాదు.

రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి ఇవాళ ఏడింటికి బయటికి తీశాను. ఒకదాన్ని చన్నీళ్ల గిన్నెలో వేస్తే తేలింది. పిండి సరిగ్గా పొంగినట్టే. గారెల పిండి చుక్క నీళ్లలో వేసి చూసే అమ్మకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

బేగెల్‌ని కాల్చే ముందు ఉడికించాలి. ఆ నీళ్లలో వేసే మాల్ట్ సిరప్ అయిపోయింది. నీళ్లలో రెండు చెంచాల వంటసోడా వేశాను. మొదటి బ్లూబెర్రీ బేగెల్ వేసిన అర నిమిషంలో దాని ఊదారంగు నీలం తిరిగింది. తొక్క ముక్కలు ఉన్న చోట పాచిలాంటి పచ్చ మచ్చలు లేచాయి. నాకు గుండె జారిపోయింది. పిండి పాడైందా, కాయల్లో ఏమైనా ఉందా అని టెన్షన్. బ్లూబెర్రీవి ఎనిమిదీ పారేయాల్సిందేనా అనుకున్నాను.

అమ్మ చిల్లుల గరిటెతో దాన్ని పైకి తీసి వెలుతురులో చూసింది. "నీళ్లలో సోడా వేశావుగా?"

"వేశాను."

"పసుపులో సున్నం కలిస్తే పారాణి అవ్వదూ? ఇదీ అంతే. రంగు మారింది, కాయ చెడలేదు."

ఒక్క క్షణం నోట మాట రాలేదు. నిజంగా అంతే. బ్లూబెర్రీ రంగు పులుపులో ఎరుపు వైపు ఉంటుంది, సోడా లాంటిది తగిలితే నీలానికి, పచ్చకి తిరుగుతుంది. పులిసిన పిండిలో అది అంత అందంగా ఊదా ఎరుపులో ఉండటానికి కారణం ఆ పులుపే. కాలేజీలో లిట్మస్ కాగితంతో ఎన్నిసార్లు చేశానో ఈ పని! అమ్మ మాత్రం పెళ్లిళ్లలో గిన్నెలో పసుపూ సున్నం కలిపి, పెళ్లికూతుళ్ల పాదాలకి పూసి తెలుసుకుంది. ఆ చేతులు నా పాదాలకి పారాణి పెట్టిన రోజు గుర్తొచ్చి కళ్లు తడయ్యాయి.

నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తేనె వేసి మరిగించాను. మిగతా ఏడూ రంగు చెడకుండా వచ్చాయి. 450 ఫారన్‌హీట్‌లో ఇరవై రెండు నిమిషాలు. తాండ్ర వాటితో వేరే చిక్కు. పైకి కనబడే ముక్కలు మాడి చేదెక్కుతాయి. అమ్మ ఓవెన్‌లో పెట్టే ముందే ఒక్కో ముక్కనీ వేలితో లోపలికి నొక్కింది. చల్లారాక కోస్తే లోపల తాండ్ర కరిగి, జిగురుగా, బంగారు రంగు చారలా ఉంది. బాబు వెన్న రాసుకోకుండానే రెండు తిన్నాడు. నీలం తిరిగిన బేగెల్‌ని అమ్మ తన ప్లేట్లో వేసుకుంది. నేను సగం లాక్కున్నాను. రుచిలో తేడా లేదు.

మధ్యాహ్నం అమ్మ అడిగింది: "ఆ తోడు నేను తీసుకెళ్లొచ్చా? తమ్ముడింట్లో ఓవెన్ ఉందిగా."

తీసుకెళ్లొచ్చు. పల్చగా పూసి ఎండబెట్టి పొడి చేస్తే నెలలు ఆగుతుంది, నీళ్లూ పిండీ తగలగానే మళ్లీ లేస్తుంది. బటర్ పేపర్ మీద గరిటెతో పూశాను. "ఇంకా పల్చగా, తాండ్ర మొదటి పొరలా" అంటూ అమ్మ గరిటె తీసుకుని అంచులదాకా సాగదీసింది. ఉడుతలు రాకుండా సాయంత్రందాకా డెక్ మీద కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఇప్పుడా కాగితం డైనింగ్ టేబుల్ మీద, ఫ్యాన్ కింద ఉంది. అంచులు లేచి అప్పడంలా విరుగుతున్నాయి, మధ్యలో ఇంకా తడి. పడుకోబోతూ అమ్మ వచ్చి వేలితో తాకి చూసింది.

"ఇంకో ఎండ పడాలే" అంది.