సహకరించాక శిక్ష మీద అప్పీలు: అమెరికా ఫెడరల్ కోర్టులో ఏం నడుస్తుంది, ఏం నడవదు

మన దగ్గర అప్రూవర్‌గా మారి, ఉన్నదంతా చెప్పినవాడికి కోర్టు క్షమాభిక్ష ఇస్తుంది. అమెరికా ఫెడరల్ కేసుల్లో సాధారణంగా అలా ఉండదు. నేరం ఒప్పుకోవాలి, శిక్ష పడుతుంది. ప్రాసిక్యూటర్ ఫెడరల్ శిక్షా మార్గదర్శకాల్లోని (గైడ్‌లైన్స్) 5కే1.1 కింద మోషన్, అంటే కోర్టుకు అభ్యర్థన, వేసి "ఇతను గట్టి సాయం చేశాడు" అంటే జడ్జి శిక్ష తగ్గించవచ్చు. ఎంత తగ్గించాలన్నది జడ్జి ఇష్టం. అనుకున్నంత తగ్గకపోతే ఇంట్లోవాళ్లకు వచ్చే మొదటి ఆలోచన అప్పీలు.

ముందు గడువు చూసుకోండి. తీర్పు డాకెట్‌లో (కోర్టు రిజిస్టర్‌లో) ఎక్కిన రోజు నుంచి 14 రోజులు. శని, ఆదివారాలు కూడా లెక్కే. ఆఖరి రోజు సెలవైతే మాత్రం తర్వాతి పనిదినం దాకా ఉంటుంది. అప్పీలు నోటీసు ఒక్క పేజీ కాగితం, శిక్ష వేసిన జిల్లా కోర్టులోనే ఇవ్వాలి. ఫీజు 605 డాలర్లు. కోర్టు నియమించిన లాయరుంటే కట్టక్కర్లేదు. జైల్లో ఉన్నవాళ్లు గడువులోపు జైలు మెయిల్‌లో వేసి, తేదీకి రుజువు పెడితే చాలు. గడువు దాటితే సరైన కారణం చూపి మరో 30 రోజుల వరకు అడగొచ్చు, ఇస్తారన్న భరోసా లేదు. నోటీసు వేశాక 14 రోజుల్లో ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్టులో జరిగిన మాటల రాతప్రతి) ఆర్డర్ చేయాలి.

అప్పీలు వేయమని లాయర్‌కు ఈమెయిల్‌లోనే చెప్పండి. అప్పీలు హక్కు వదులుకుంటూ సంతకం పెట్టినా సరే, క్లయింటు అడిగితే నోటీసు వేయాల్సిందేనని 2019లో గార్జా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఫోన్లో చెప్పిన మాటను తర్వాత నిరూపించడం కష్టం.

అయితే వేయగలగడం వేరు, వేయడం మంచిదా అన్నది వేరు. ప్లీ అగ్రిమెంట్ (నేరం ఒప్పుకుంటూ ప్రభుత్వంతో రాసుకున్న ఒప్పందం) తీసి "వేవర్" (హక్కు వదులుకోవడం) పేరా చదవండి. ఫలానా రేంజ్‌లోపు శిక్ష పడితే అప్పీలు చేయనని చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది. 2014లో థర్డ్ సర్క్యూట్‌లో (ఇదొక ప్రాంతీయ ఫెడరల్ అప్పీలు కోర్టు, న్యూజెర్సీ దీని కిందికే వస్తుంది) ఒకాయన సహకరించి తగ్గింపు పొంది, వేవర్ ఉండగానే అప్పీలుకు వెళ్లాడు. కోర్టు దాన్ని ఒప్పంద ఉల్లంఘన అంది. శిక్షను రద్దు చేసి మళ్లీ విధించమని కింది కోర్టుకు పంపింది. తగ్గింపు అడగాల్సిన బాధ్యత ఇక ప్రభుత్వానికి లేదని కూడా చెప్పింది. అంటే చేతికొచ్చిన తగ్గింపే ప్రమాదంలో పడింది. అన్ని సర్క్యూట్లూ ఇంత దూరం వెళ్తాయని కాదు, కానీ సంతకం పెట్టిన కాగితాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

"ఇంకా తగ్గించాల్సింది" అన్న ఒక్క వాదనతో వెళ్తే దాదాపు ఓడిపోతారు. పనికొచ్చేవి చట్టపరమైన తప్పులు. గైడ్‌లైన్ రేంజ్ (మార్గదర్శకాలు సూచించే శిక్ష పరిధి) తప్పుగా లెక్కకట్టడం ఒకటి. తనకు తగ్గించే అధికారమే లేదని జడ్జి పొరబడటం మరొకటి. మోషన్ వేస్తామని ఒప్పందంలో మాటిచ్చి ప్రభుత్వం వేయకపోవడం ఇంకొకటి. ఒప్పందంలో "మా విచక్షణ మేరకు" అని ఉంటే మాత్రం దారి ఇరుకు: 1992 వేడ్ తీర్పు ప్రకారం జాతి, మతం లాంటి రాజ్యాంగ విరుద్ధ ఉద్దేశంతోనో, ఏ న్యాయమైన ప్రయోజనానికీ సంబంధం లేకుండానో నిరాకరించారని చూపాలి. అప్పట్లో కోర్టులో లాయరు అభ్యంతరం చెప్పకపోతే ఇవన్నీ మరింత కఠినమైన "ప్లెయిన్ ఎర్రర్" (కొట్టొచ్చినట్టు కనిపించే తప్పు) జల్లెడలో పడతాయి.

తరచుగా దెబ్బతినేది కనీస శిక్ష దగ్గర. చట్టం 120 నెలలు కనీసం అని చెబితే, 5కే1.1 మోషన్ ఒక్కటే ఉన్నప్పుడు సహకారం పేరిట జడ్జి అంతకంటే కిందికి దిగలేడు. సెక్షన్ 3553(ఈ) కింద కూడా ప్రభుత్వం అడగాలి. 1996 మెలెండెజ్ కేసు చెప్పింది ఇదే. కాబట్టి మోషన్‌లో ఆ సెక్షన్ ఉందో లేదో శిక్షకు ముందే చూడాలి. తర్వాత అప్పీలులో సరిదిద్దడం చాలా కష్టం.

సహకారం ఇంకా సాగుతుంటే, సాక్ష్యం చెప్పాల్సిన విచారణ మిగిలి ఉంటే, చాలామందికి అప్పీలుకన్నా రూల్ 35(బి) మేలు. శిక్ష పడిన ఏడాదిలోపు ప్రాసిక్యూటర్ మోషన్ వేస్తే జడ్జి మళ్లీ తగ్గించవచ్చు, కనీస శిక్ష కిందికి కూడా. సమాచారం ఏడాది తర్వాతే తెలిసిందనేలాంటి కొన్ని సందర్భాల్లో ఆ తర్వాతా కుదురుతుంది. అది మనం వేసేది కాదు, ప్రభుత్వమే వేయాలి. అందుకే వాళ్లతో అప్పీలులో కొట్లాడే ముందు ఆ తలుపు తెరిచి ఉందో లేదో లాయర్ని అడగాలి. లాయరే తప్పు చేశాడన్న ఫిర్యాదుకు మామూలుగా సెక్షన్ 2255 పిటిషన్ (అప్పీలు కాకుండా విడిగా శిక్షను సవాలు చేసేది) సరైన చోటు. దాని గడువు సాధారణంగా తీర్పు అంతిమమైన నాటి నుంచి ఏడాది.

ఇంకో ప్రమాదం రహస్యం. కింది కోర్టులో సహకారం కాగితాలు సీల్ చేసి ఉన్నా, అప్పీలు బ్రీఫ్‌లో (రాతపూర్వక వాదనలో) అదే విషయం రాస్తే జనం చదివే రికార్డులోకి వస్తుంది. జైల్లో ఎవరైనా ఆ కాగితం చూస్తే ప్రాణం మీదికి రావచ్చు. సీల్ మోషన్ బ్రీఫ్ కంటే ముందే, లేదా దాంతోపాటే వెళ్లాలి.

హెచ్-1బీ, గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లకు ఒక మాట. బాధితులకు 10,000 డాలర్లకు మించి నష్టం జరిగిన మోసం కేసు ఇమిగ్రేషన్ చట్టంలో "ఎగ్రవేటెడ్ ఫెలనీ", అంటే దేశం నుంచి పంపించేయడానికి దారితీసే తీవ్ర నేరం. అక్కడ శిక్ష ఎన్ని నెలలన్నదానితో పనిలేదు. శిక్ష ఒక్కటే తగ్గించుకునే అప్పీలు ఆ ముద్రను చెరపదు. నేర నిర్ధారణ సంగతి గానీ, నష్టం ఎంతో తేల్చిన రికార్డు గానీ ఇమిగ్రేషన్ లాయరుకు విడిగా చూపించాలి, అదీ ఆ 14 రోజుల్లోనే.