143 ఆటలు, రాత్రికి ఒక గంట

ఫిబ్రవరిలో పన్ను లెక్కల కోసం బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకున్న మా ఆవిడకి 249, 180, 399 అంటూ వరసగా చిన్న చిన్న ఖర్చులు కనిపించాయి. "ఏమండీ, ఇవన్నీ ఏంటి?" అంది. కంప్యూటర్ ఆటలన్నాను. "ఎన్ని ఆడారు?" అంది. అది నాకూ తెలీదు.

ఆ రాత్రి లాప్‌టాప్ తెరిచి లెక్కపెట్టాను. ఆన్‌లైన్లో ఆటలు అమ్మే స్టీమ్ అనే దుకాణంలో కొన్నవి 143 ఉన్నాయి. అందులో ఒక్కసారైనా తెరిచినవి 31, చివరిదాకా ఆడినవి నాలుగు. ఇవి కాక అలాంటిదే ఇంకో దుకాణం, ఎపిక్ స్టోర్, 2018 డిసెంబరు నుంచి ఉచితంగా పంచిపెడుతున్నవి వేరే ఉన్నాయి. వాటి జోలికి వెళ్లే ధైర్యం చేయలేదు. సంఖ్య చెబితే మా ఆవిడ కాసేపు ఆలోచించి, "ఇడ్లీ పిండైతే పులిసిపోయిందని పారబోస్తాం. ఇవి పులియవుగా, అందుకే పేరుకుపోయాయి" అంది. ఈ జబ్బుకి ఇంతకంటే మంచి నిర్ధారణ నాకు ఎక్కడా దొరకలేదు.

గేమర్‌నని చెప్పుకునేంతవాణ్ణి కాను. తెనాలిలో ఇంటర్ చదివే రోజుల్లో గంటకి 20 రూపాయలిచ్చి నెట్ సెంటర్లో వైస్ సిటీ ఆడిన బ్యాచ్ మాది. కథ పూర్తిచేసినవాడు మాలో ఒక్కడూ లేడు. రఫ్ నోటు చివరి పేజీలో ఆటలో దొడ్డిదారికి పనికొచ్చే చీట్ కోడ్లు రాసుకెళ్లి, యుద్ధ ట్యాంకు తెప్పించుకుని ఊరంతా తిప్పేవాళ్లం. గంట కాగానే నెట్ సెంటర్ అన్న వచ్చి భుజం తట్టేవాడు. ఇప్పుడు ఆ పని నిద్ర చేస్తోంది. గుంటూరులో జూనియర్ కాలేజీ లెక్చరర్ ఉద్యోగం, రెండో తరగతి చదివే కొడుకు. వాడు పడుకున్నాక పదింటి నుంచి పదకొండింటి దాకా దొరికేదే నా సమయం, అదీ వారానికి ఐదు రోజులు.

లెక్కల మాస్టారిని కదా, లెక్క కట్టాను. ఆటకి సగటున 15 గంటలనుకున్నా మొత్తం 2,145 గంటలు. వారానికి ఐదు గంటల చొప్పున 429 వారాలు, అంటే ఎనిమిదేళ్ల పైమాటే. అదీ ఇవాళ్టి నుంచి ఒక్కటీ కొనకపోతే.

కొండవీటి చాంతాడంత ఆ జాబితాని ముందు కోసేయాలి. స్టీమ్‌లో ఏ ఆటనైనా కంటికి కనపడకుండా దాచేసే వీలుంది. పోగొట్టుకున్నట్టు కాదు, అటక మీద పెట్టినట్టు. ఆ వీలే లేకపోతే నాకు మనసు ఒప్పేది కాదు. ఒక్కో ఆట ముందు కూర్చుని, దీన్ని ఎందుకు కొన్నానని అడుక్కున్నాను. సగానికి పైగా వాటికి జవాబు ఒకటే: తొంభై శాతం తగ్గింపు. ఒకదానికోసం కట్టగా కొంటే వెంట వచ్చినవి కొన్ని. ఆన్‌లైన్లో తుపాకులు పేల్చే ఆటలు ఏడున్నాయి. ఆ కుర్రాళ్ల ముందు నేను అర నిమిషం కూడా నిలబడను, అన్నీ అటకెక్కాయి. రెండు రాత్రుల తర్వాత 38 మిగిలాయి.

మొదట పోర్టల్ పట్టుకున్నాను. 2007 నాటి ఆట, చేయి తిరిగినవాళ్లు మూడు నాలుగు గంటల్లో ముగిస్తారు. నాకు వారం పట్టింది. గోడకి ఒక రంధ్రం, నేలకి ఒక రంధ్రం పెట్టి, ఇందులో దూకితే అందులోంచి పైకి తేలడం. బుర్రకి భలే పని. ఒక ఆదివారం పగలు ఆడుతుంటే మావాడు పక్కన చేరాడు. హృదయం గుర్తున్న ఒక పెట్టెని మనకి తోడుగా ఇచ్చి, గది చివర దాన్ని మన చేత్తోనే మంటల్లో వేయిస్తారు. "నాన్నా, అదేం తప్పు చేసింది?" అన్నాడు వాడు. జవాబు లేదు. వెయ్యకపోతే తలుపు తెరుచుకోదు. మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా వాడు ఆ పెట్టె మాటే.

పొట్టి ఆటలు ముందు పెట్టుకోవడం మంచిపనైంది. తర్వాత ఫైర్‌వాచ్. అమెరికాలోని వ్యోమింగ్ అడవిలో మంటలు కనిపెట్టే కాపలా ఉద్యోగం, 1989 వేసవి, వాకీటాకీలో ఒక ఆడగొంతు. నాలుగు రాత్రుల్లో అయిపోయింది. ముగింపు చప్పగా ఉందని కొందరంటారు, నాకు అలా అనిపించలేదు. అలా జాబితాలో రెండు పేర్లు కొట్టేసరికి నాకు ధీమా పెరిగిపోయి, నేరుగా వెళ్లి విచర్ 3 మీద పడ్డాను.

డబ్బు తీసుకుని రాక్షసుల్ని వేటాడే గెరాల్ట్ అనేవాడి కథ, 2015లో వచ్చిన ఆట. పక్క కథలు వదిలేసినా యాభై గంటలు. మొదటి పది గంటలు మహా జోరుగా సాగాయి. ఈలోగా స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ పడింది. రోజంతా జవాబు పత్రాలు దిద్ది వచ్చి లాప్‌టాప్ తెరిచే ఓపిక ఎవరికుంటుంది? మూడు వారాల తర్వాత తెరిస్తే మనవాడు ఒక బురద గుంటలో కత్తి పట్టుకుని నిలబడున్నాడు. ఎవరికోసం వెళ్తున్నాడో, ఎవరి దగ్గర డబ్బు తీసుకున్నాడో ఏమీ గుర్తులేదు. కథ సంగతి కొంత నయం, ఆట లోడ్ అవుతున్నప్పుడు ఒక గొంతు జరిగిన కథని క్లుప్తంగా చెబుతుంది. వేళ్ల సంగతే కష్టం. పక్కకి తప్పుకోవడానికి నొక్కాల్సింది ఆల్ట్ మీటో స్పేస్ మీటో తేలేలోపు నీటి దయ్యాలు నన్ను తినేశాయి. నాలుగుసార్లు చచ్చి మూసేశాను.

ఇంతకు ముందు వదిలేసిన ఆటలన్నీ ఇలాగే పోయాయని ఆ రాత్రి తట్టింది. విసుగొచ్చి వదిలినవి తక్కువ. మధ్యలో ఒక పెళ్లో, పరీక్షలో, జ్వరమో అడ్డొచ్చి, తిరిగొచ్చేసరికి చేతులకి ఆట రాక, మొదటి నుంచి మొదలుపెట్టడం బద్ధకమై వదిలినవే ఎక్కువ. మావాడి పాత రెండు రూళ్ల నోటుబుక్కు ఒకటి తీసుకున్నాను. ఆట మూసే ముందు రెండు ముక్కలు రాయడం: ఎక్కడున్నాను, తర్వాత ఎటు వెళ్లాలి, ఏ మీట దేనికి. "ఆల్ట్ తప్పుకోవడం, స్పేస్ దొర్లడం. బారన్ దగ్గరికి తిరిగి వెళ్లాలి." అంతే. ఆట కష్టం స్థాయిని కూడా కథ చాలనుకునేవాళ్ల కోసం పెట్టిన అతి సులువైనదానికి దించేశాను. పోరాటంలో మజా పోతుందన్నాడు మా బావమరిది. వాడికి ఇంకా పెళ్లి కాలేదు.

సులువు విషయంలో హేడీస్ అనే ఆట చేసిన పని నాకు బాగా నచ్చింది. పాతాళం నుంచి తప్పించుకోవాలి, చచ్చినప్పుడల్లా మళ్లీ ఇంటికే. అందులో గాడ్ మోడ్ పెట్టుకుంటే దెబ్బ తీవ్రత 20 శాతం తగ్గుతుంది. ఆపైన ప్రతి చావుకీ మరో రెండు శాతం తగ్గుతుంది, 80 దాకా. అంటే ఓడిపోయేకొద్దీ దారి ఇస్తుంది. మా పరీక్షల విభాగం ఈ పద్ధతి వినకపోవడమే మేలు. ఒక్కో ప్రయత్నం అరగంటలో తేలిపోతుంది కాబట్టి నోటుబుక్కుతో పని లేదు. యాభై శాతం దాటాక బయటపడ్డాను.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అనే కౌబాయ్ ఆట వదిలేశాను. 150 జీబీ చోటు అడుగుతుంది, నా డిస్కే 512. అన్నీ తీసేసి చోటిస్తే, గుర్రం మంచులో నింపాదిగా నడుస్తూ ఉంటుంది. చాలా మంచి ఆట. పదింటికి మొదలుపెట్టి పదకొండింటికి పడుకునేవాడి కోసం చేసింది మాత్రం కాదు.

స్టార్‌డ్యూ వ్యాలీని అసలు జాబితాలోంచే తప్పించాను. ఎరిక్ బరోన్ అనే ఒక్కడే కూర్చుని చేసిన వ్యవసాయం ఆట, 2016లో వచ్చింది. దానికి చివరంటూ ఉండదు. దసరాకి మా నాన్న వచ్చినప్పుడు తెర వంక చూస్తూ కూర్చున్నారు. ముల్లంగి లాంటి దుంప ఒకటి విత్తితే నాలుగు రోజులకి కోతకొస్తుంది. "నాలుగు రోజులకే?" అన్నారు. అవునన్నాను. "నీళ్లు?" పక్కనే చెరువు. "దళారి?" లేడు, పెట్టెలో వేస్తే తెల్లారేసరికి డబ్బు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "అందుకే దీన్ని ఆట అన్నార్రా" అన్నారు.

డిసెంబరు సేల్‌లో మళ్లీ జారాను. మూడు కొన్నాను. కాకపోతే ఈసారి కొన్న రాత్రే తెరిచి చూశాను. పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకి మించి ఆడకుండా ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. అలా ఒకటి తిరిగిచ్చేశాను. మొత్తం మీద 38లో పూర్తయినవి తొమ్మిది, నచ్చక వదిలినవి పన్నెండు. స్టేట్‌మెంట్‌లో వెనక్కొచ్చిన డబ్బు చూసి మా ఆవిడ ఏమీ అనలేదు, ఒకసారి నా వంక చూసింది.

విచర్ మాత్రం ఇంకా నడుస్తోంది. నోటుబుక్కులో దాని పేజీలు పదకొండు అయ్యాయి. ఆఖరి ముక్క, ఉన్న ఊరూ వెతుకుతున్న మనిషీ: "నోవిగ్రాడ్. డాండెలియన్ ఇంకా దొరకలేదు." తమాషా ఏమిటంటే, లోడ్ అయ్యేటప్పుడు రోజూ నాకు కథ గుర్తుచేసే ఆ గొంతు అతనిదే.