ట్వికెన్‌హామ్‌లో రోడ్డు కింద పోప్ గుహ

లండన్ వాటర్‌లూ స్టేషన్ నుంచి ట్వికెన్‌హామ్ అంటే చాలామందికి రగ్బీ మ్యాచే గుర్తొస్తుంది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిష్ కవి అలెగ్జాండర్ పోప్ కోసం వెళ్లేవాళ్లు స్ట్రాబెరీ హిల్‌లో దిగితే నడక తగ్గుతుంది. రైలు టికెట్ కంటే ముందు తేదీ చూసుకోండి. ఆయన గుహను ఏడాదిలో కొన్ని రోజులే తెరుస్తారు, అదీ ముందే బుక్ చేసుకోవాలి. ఇంత గొప్ప కవి చోటికి ఇన్ని తాళాలా అని చిరాకేసింది నాకు.

పోప్ ఇల్లు ఎలాగూ లేదు. చూడ్డానికి వచ్చే జనం తాకిడి పడలేక తర్వాతి యజమాని బారొనెస్ హౌ 1808లో కూల్చేయించింది. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆ ఇల్లు కలం సంపాదన. పోప్ కేథలిక్. అప్పటి ఇంగ్లండ్ చట్టాల ప్రకారం కేథలిక్కులకు యూనివర్సిటీ లేదు, కొలువు లేదు, భూమి కొనే హక్కూ లేదు. దానికి తోడు చిన్నప్పుడే వెన్నుకు క్షయ సోకి, నాలుగున్నర అడుగుల దగ్గరే ఎదుగుదల ఆగిపోయింది. 1715 నుంచి 1720 దాకా హోమర్ గ్రీకు కావ్యం ఇలియడ్ అనువాదాన్ని ఆరు సంపుటాలుగా, సంపుటానికి ఒక గినీ (అప్పటి బంగారు నాణెం) చొప్పున చందాలు కట్టించుకుని అచ్చేయించాడు. ఆ డబ్బుతోనే 1719లో ఇక్కడ స్థలం లీజుకు తీసుకున్నాడు.

థేమ్స్ ఒడ్డున ఇల్లు, వెనక రోడ్డు, రోడ్డవతల తోట. ఆ రెంటినీ కలపడానికి 1720లో అనుమతి తెచ్చుకుని రోడ్డు కింద సొరంగం తవ్వించాడు. అదే ఈ గుహ. మొదట్లో గోడలకు గవ్వలు, అద్దం ముక్కలు పొదిగించాడు. తలుపులు మూస్తే నదీ, పడవలూ గోడ మీద కదిలే బొమ్మలయ్యేవని 1725లో ఒక స్నేహితుడికి రాశాడు. చీకటి గదిలోకి సన్నటి సందులోంచి వెలుతురు దూరితే బయటి దృశ్యం లోపల పడుతుంది, అదీ కిటుకు. 1739 తర్వాత అభిరుచి మారి, గుహను గనిలా మార్చాడు. కార్న్‌వాల్ నుంచి ఖనిజాలు సేకరించే విలియమ్ బోర్లేస్ ఖనిజాలు పంపాడు, వింత వస్తువులు సేకరించే వైద్యుడు హాన్స్ స్లోన్ ఐర్లండ్ జెయింట్స్ కాజ్‌వే నల్లరాతి స్తంభాల ముక్కలిచ్చాడు.

లోపల ఫోన్ ఫ్లాష్ ఎదురుగా కొట్టకండి, గోడంతా చదునుగా తెల్లబోతుంది. టార్చిని పక్కనుంచి, గోడకు దగ్గరగా పట్టుకుంటే స్ఫటికాల అంచులు ఒక్కొక్కటే లేస్తాయి. మెరిసే రాయి పక్కనే మొద్దు రాయి. పోప్ కవిత్వం నడకా ఇదే. మన ద్విపదలా రెండేసి పాదాలు, పాదానికి పది అక్షరాలు, చివర ప్రాస. ఒక కురుల పాయ దొంగతనం మీద రాసిన వ్యంగ్య కావ్యం ‘రేప్ ఆఫ్ ది లాక్’లో కథానాయిక బెలిండా పరువుకు మచ్చ పడుతుందో, కొత్త జరీ గౌనుకు పడుతుందో అని ఒకే పాదంలో, ఒకే క్రియ కింద పెట్టాడు. ఆ సమాజానికి రెండూ ఒకే బరువని వేరే చెప్పక్కర్లేదు. వ్యంగ్యమంతా పక్కపక్కన పొదగడంలోనే ఉంది.

అక్కణ్ణుంచి సెయింట్ మేరీస్ చర్చికి నది వైపుగా నడిచి వెళ్లొచ్చు. 1744లో పోయిన పోప్‌ను అక్కడే పూడ్చారు. రాజులూ వీరులూ దూరంగా ఉండండి, మిమ్మల్ని పొగడని కవిని పడుకోనివ్వండి అని తన సమాధి పద్యం తనే రాసుకున్నాడు. బయటి గోడ కూడా చూడండి. తనను పెంచి, ముప్పై ఎనిమిదేళ్లు కనిపెట్టుకున్న ఆయా మేరీ బీచ్‌కు కృతజ్ఞతగా పోప్ పెట్టించిన ఫలకం అక్కడుంది.