శ్రుతి దిగిన టర్న్‌టేబుల్: నా అనుభవం

అమెరికాలో చాలాకాలం ఉద్యోగాలు చేసి హైదరాబాదుకు తిరిగి వచ్చిన ఒక దంపతులు సామాను తగ్గించుకుంటూ అమ్మకానికి పెట్టిన థోరెన్స్ టీడీ 160 టర్న్‌టేబుల్‌ను, అంటే గ్రామఫోను రికార్డులు పాడించే యంత్రాన్ని, నేను కొన్నాను. అది 1970ల నాటి బెల్టు డ్రైవ్ యంత్రం, అంటే మోటారు బెల్టు ద్వారా రికార్డును తిప్పేది. దానితోపాటు మన 230 వోల్టులను 110 వోల్టులకు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా వారే ఇచ్చారు. చేతిలో పట్టుకుంటే ఇటుకంత బరువున్న ఆ డబ్బాను చూసి కరెంటు సంగతి ఇక తీరిపోయిందనే అనుకున్నాను. యంత్రం అడుగున అతికించిన రేకు మీద వోల్టుల పక్కనే మరొక అంకె ఉన్నదని, దాన్ని కూడా చదవవలసి ఉండిందని నాకు నెల తరువాత గాని తెలియలేదు.

మొదటి పనులు ఎవరు చేసినా చేసేవే. సాగిపోయిన బెల్టు తీసి కొత్తది వేశాను. ప్లాటర్, అంటే రికార్డు పెట్టే పళ్లెం, ఇరుసు కూర్చునే గొట్టంలో నూనె జిగురుగా మారి ఉంటే, దూదితో తుడిచి పల్చటి నూనె పోశాను. పాత కార్ట్రిడ్జ్ (ముల్లు అదురును కరెంటుగా మార్చే చిన్న భాగం) ముల్లు అరిగిపోయింది కనుక ఆడియో టెక్నికా వీఎం95ఈ అనే కొత్త కార్ట్రిడ్జ్ బిగించి, ముల్లు భారాన్ని చిన్న తూకం మీద సరిగ్గా 2 గ్రాములకు సరిచేశాను. ఒక వైపు స్పీకరు పలకకపోతే కార్ట్రిడ్జ్‌ను పట్టి ఉంచే హెడ్‌షెల్ వెనుక ఉన్న నల్లబడిన కాంటాక్టులను స్పిరిటుతో తుడిచాను.

స్ప్రింగుల దగ్గర మాత్రం ఒక సాయంత్రమంతా గడిచింది. ఈ యంత్రంలో ప్లాటర్, ముల్లును మోసే చేయి లాంటి టోన్‌ఆర్మ్ రెండూ కలిసి మూడు స్ప్రింగుల మీద తేలుతూ ఉంటాయి. నేల అదురు ముల్లుదాకా రాకుండా చేసిన ఏర్పాటు అది. రవాణా కోసం బిగించిన స్క్రూలను ముందుగా వదులు చేయకపోతే స్ప్రింగులు ఉండీ లేనట్టే. ఆ పని చేసిన తరువాత కూడా, ప్లాటర్‌ను వేలితో నొక్కి వదిలితే నిటారుగా పైకీ కిందికీ ఊగవలసింది పోయి, ఒడ్డున కట్టిన పడవలాగా పక్కకు ఒరుగుతూ ఊగింది. అడుగు చెక్క విప్పి, యంత్రాన్ని రెండు స్టూళ్ల మధ్య వంతెనలా నిలిపి, కింద పడుకుని నట్లు తిప్పుతూ గంటన్నర గడిపాను గాని తప్పు వాటిలో లేదు. టోన్‌ఆర్మ్ నుంచి వచ్చే సన్నని తీగ క్లిప్పు దగ్గర బిర్రుగా ఉండి తేలే భాగాన్ని ఒక మూలకు లాగుతోంది. దాన్ని కొద్దిగా వదులు చేయగానే ఊపు నిటారుగా వచ్చింది.

ఆ రాత్రి మా నాన్నగారి పెట్టెలోంచి ఘంటసాల గారి పద్యాల రికార్డు ఒకటి తీసి పెట్టాను. స్పీకర్లలోంచి గొంతు రాగానే నాకు ఒళ్లు పులకరించింది. పక్క గదిలో ఉన్న మా అమ్మ మాత్రం రెండు పద్యాలు విని, “ఏరా, ఇది ఘంటసాల గొంతేనంటావా? నిద్రలోంచి లేపి పాడించినట్టుంది” అన్నది. పాత రికార్డు కదా అని నేను సర్దిచెప్పబోయాను. ఆమె ఒప్పుకోలేదు.

మర్నాడు స్ట్రోబ్ చక్రం ఒకటి ముద్రించుకుని ప్లాటర్ మీద వేశాను. దీపం మిణుకుతో వేగాన్ని కొలిచే కాగితం అది. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లది కనుక దానితో వెలిగే దీపం సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. ఆ వెలుతురులో చక్రం మీది గీతలు కదలకుండా నిలిచినట్టు కనబడితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మా ఇంట్లోని ఎల్ఈడీ బల్బుల కింద గీతలు అలికినట్టు కనిపించాయే గాని నిలబడలేదు, అవి తగినంతగా మిణకవు. చివరికి పాత ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఉన్న ఎర్రటి నియాన్ ఇండికేటరును, గది చీకటి చేసి, చక్రానికి ఆనించినంత దగ్గరగా పట్టుకున్నాను. బయటి వరుస గీతలు శిలల్లాగా నిలబడ్డాయి. అమ్మను పిలిచి చూపించి, యంత్రంలో దోషమేమీ లేదని తేల్చేశాను. ఆమె మాట్లాడకుండా వెళ్లి హార్మోనియం తెచ్చి, తాను చిన్నప్పటి నుంచి ఆ పద్యం పాడే శ్రుతికీ రికార్డు పలుకుతున్న శ్రుతికీ మధ్య మూడు మెట్లు లెక్కపెట్టి చూపించింది.

అప్పుడు గాని నేను గడియారం పెట్టి కొలవలేదు. ప్లాటర్ నిమిషానికి 33⅓ చుట్లకు బదులు 28కి కాస్త తక్కువ తిరుగుతోంది. 20 నిమిషాల పక్క పూర్తికావడానికి 24 నిమిషాలు పడుతోంది.

కోఠీలో పాత ఆంప్లిఫయర్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి యంత్రాన్ని తీసుకువెళితే, ఆయన దాన్ని వెల్లకిలా తిప్పి రేకు చదివి నవ్వారు. “సార్, ఈ డబ్బా వోల్టేజీ తగ్గిస్తది గానీ సైకిల్స్ పెంచదు కదా. ఇది అరవైది. మనది యాభై.” అంతే. మిగిలినదంతా ఇంటికి వచ్చి కాగితం మీద వేసుకుంటే అర్థమయింది. ఇందులోనిది 16 ధ్రువాల సింక్రనస్ మోటారు. కరెంటు సైకిళ్లు ఎన్నో దాని వేగం అంత. 60 సైకిళ్ల మీద నిమిషానికి 450 చుట్లు తిరిగే మోటారు మన 50 మీద 375 మాత్రమే తిరుగుతుంది. అంటే ప్రతిదీ ఆరింట ఐదు వంతులే. స్ట్రోబ్ చక్రం చేసిన మోసం కూడా అప్పుడే బయటపడింది. దాని మీద రెండు వరుసలున్నాయి: 50 సైకిళ్ల దేశాలకు 180 గీతలు, 60 సైకిళ్ల దేశాలకు 216 గీతలు. నిమిషానికి 6,000 మిణుకులను 216తో భాగిస్తే 27.8 వస్తుంది, నా ప్లాటర్ సరిగ్గా ఆ వేగంతోనే తిరుగుతోంది. తప్పు వేగానికి తప్పు వరుస అచ్చంగా సరిపోయింది. నేను చూసింది ఆ 216 గీతల వరుసనే. ఒక కొలబద్ద ఇంత నిబ్బరంగా అబద్ధం చెప్పగలదని నేను ఊహించలేదు.

మందు తెలిసింది: మోటారు ఇరుసుకు ఉండి బెల్టును లాగే పుల్లీ వ్యాసం 1.2 రెట్లు కావాలి. విదేశం నుంచి తెప్పించుకోవచ్చు గాని, బాలానగర్‌లో లేత్ మిషన్లు ఉండగా ఎందుకని అక్కడికే వెళ్లాను. టర్నరు పాత పుల్లీని వెర్నియర్‌తో కొలిచి, రెండు వేగాల కోసం దాని మీద ఉన్న రెండు మెట్ల వ్యాసాలనూ 1.2తో గుణించి, ఇత్తడి రాడ్డు బిగించాడు. నేను అడిగినవి రెండే. మోటారు ఇరుసు దూరే రంధ్రాన్నీ బయటి అంచునూ రాడ్డును మధ్యలో విప్పకుండా ఒకే బిగింపులో చేయాలి. రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోయినా పుల్లీ సెకనుకు ఆరుసార్లకు పైగా ఎగుడుదిగుడుగా తిరిగి, ఘంటసాల గారు వేయని గమకాలను ఆయన చేత వేయిస్తుంది. రెండవది, బెల్టు ఆనే చోట నడుమ కాస్త ఉబ్బెత్తుగా ఉండాలి. చదును బెల్టు అలాంటి ఉబ్బు మీదనే జారకుండా మధ్యలో నిలుస్తుంది. అతడు రెండూ శ్రద్ధగా చేశాడు.

ఈసారి 180 గీతల వరుసనే చూశాను. దాదాపు నిలబడింది గాని సెకనుకు ఒక గీత చొప్పున వెనక్కి జరుగుతోంది. అంటే వేగం నూటికి ఒక వంతు తక్కువ. అమ్మ హార్మోనియం పెట్టి చూసి తనకు తేడా తెలియడం లేదన్నది. టర్నరైతే ఫోనులో “చాలు సార్, ఇంకేం కావాలె” అన్నాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు, ఎందుకంటే గుణకారం సరైనదే. రెండు రోజులకు తట్టింది: బెల్టు మందాన్ని మేమిద్దరం మరిచిపోయాము. వేగాన్ని తేల్చేది పుల్లీ పైపొర కాదు, బెల్టు మందం నడిమి రేఖ. కనుక వ్యాసానికి బెల్టు మందం కలిపి, దాన్ని 1.2తో గుణించి, తిరిగి ఆ మందాన్ని తీసివేయాలి. 0.6 మిల్లీమీటర్ల బెల్టుకు వచ్చే తేడా 0.12 మిల్లీమీటర్లు. నూటికి ఒక వంతు తగ్గిన వేగానికి అది సరిపోయింది. అరగదీస్తే తగ్గుతుంది గాని పెరగదు కాబట్టి రెండవ పుల్లీ చేయించవలసి వచ్చింది.

దానితో గీతలు నిలిచాయి. అయితే పాటల మధ్య మౌనంలో సన్నని గుయ్యిమనే రొద మిగిలే ఉంది. భూమి (ఎర్త్) తీగను, కార్ట్రిడ్జ్ సన్నని సంకేతాన్ని పెంచే ఫోనో ప్రీఆంప్ స్క్రూకు బిగించాక సగం తగ్గింది. టోన్‌ఆర్మ్‌ను లోపలి వైపు జరిపితే రొద పెరగడం, మోటారు ఆపినా ఆగకపోవడం, ట్రాన్స్‌ఫార్మర్ ప్లగ్గు పీకగానే ఒక్కసారిగా మాయం కావడం గమనించాక సంగతి తేలిపోయింది. కార్ట్రిడ్జ్ పుట్టించేది కొద్ది మిల్లీవోల్టులు, దానికి జానెడు దూరంలోనే నేను ఆ ఇటుకను పెట్టుకుని ఉన్నాను. పొడవాటి తీగతో దాన్ని గది అవతలి మూలకు చేర్చాను.

ఇప్పుడు నియాన్ వెలుతురులో 180 గీతల వరుస నిలబడుతుంది, 216 గీతలది ముందుకు పరుగెడుతుంది. పాత పుల్లీని చిన్న డబ్బాలో వేసి, మూత మీద “60 సైకిళ్లు” అని రాసి, యంత్రం అడుగు చెక్కకు లోపలి వైపు అతికించాను.