దోసకాయ ముక్కల పచ్చడి

దోసకాయ పచ్చడిలో ముక్క నలగకూడదు, నా పట్టుదలంతా దాని మీదే. పంటి కింద కరకరలాడితేనే దానికి రుచి.

అర కిలో పసుపు దోసకాయకి ఎనిమిదో పదో పచ్చిమిర్చి, చిన్న ఉసిరికాయంత చింతపండు చాలు. కాయ కోయగానే ఒక ముక్క, రెండు గింజలు నోట్లో వేసుకుని చూడండి. చేదుంటే మొహమాటం లేకుండా పారేయండి, ఎంత పులుపు వేసినా ఆ చేదు పోదు, పైగా కడుపుకి మంచిది కాదు. బాగుంటే సన్నగా తరిగి పక్కన పెట్టుకోండి.

ఇక పోపు. మెంతులు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ. పప్పు ఎర్రబడి కమ్మటి వాసన వచ్చేదాకా స్టవ్ దగ్గర్నుంచి కదలకండి, మెంతులు మాడితే పచ్చడంతా చేదెక్కుతుంది. పోపు తీసేసి, అదే మూకుడులో గాటు పెట్టిన పచ్చిమిర్చిని తెల్లమచ్చలు తేలేలా వేయించి, పోపులోని ఎండుమిర్చి, నానిన చింతపండు, ఉప్పు, కొత్తిమీరతో రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. మిక్సీ అయితే ఒక్కసారి తిప్పి ఆపేయండి. ముక్కలు, మిగిలిన పోపు చివర్లో చేత్తో కలపడమే. ఓ అరగంటకి నీరు ఊరి ముక్కకి కారం పడుతుంది. అప్పుడు వేడన్నంలో, నెయ్యి కాస్త ఎక్కువే వేసుకుని తినండి!